ఒక్క రోజూ మానని పిల్ల

పద్మనాభం ఆ రోజు స్కూల్ బోర్డు ముందు "పిల్ల మా ఇంట్లోనే ఉంటోందండీ" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అబద్ధమే. కాదనేవాళ్లెవరు? కానీ నాలుగేళ్లుగా ఆడుతున్న అబద్ధమే, కొత్తగా నేర్చుకోవలసింది కాదు. పైగా దాన్ని పుట్టించింది అతనే. నోటరీ ముందు సంతకం గీకింది అతనే. దాని పేరు చెప్పి నాలుగేళ్లు ఉత్తపుణ్యానికి వంట చేయించుకున్నది కూడా అతనే. కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, అవసరానికి నోరు తెరిచేసరికి సత్యం పలికాడు.

న్యూజెర్సీ ఐసెలిన్‌లో అంజయ్య పనిచేసే హోటల్ వంటింట్లో అందరికీ ఒక చప్పుడు తెలుసు. ఉల్లిపాయలు వేయిస్తూ వేయిస్తూ ఉన్నట్టుండి గరిటెను మూకుడు అంచుకు ఠంగుమని కొడతాడు. "పద్మనాభం యాదికొచ్చిండు" అనుకుని పక్కవాళ్లు రెండడుగులు దూరం జరుగుతారు.

అంజయ్యది జగిత్యాల దగ్గర ఊరు. ఏడో తరగతి పరీక్షలు రాయకుండానే బడి మానేసి పెళ్లి వంటలవాళ్ల వెంట పడ్డాడు. తర్వాత పదకొండేళ్లు మస్కట్‌లో వండాడు. అక్కడి యజమాని వాళ్ల అన్న న్యూజెర్సీలో హోటల్ పెట్టినప్పుడు, వంటవాడి కాగితాల మీద భార్య వసంతలక్ష్మినీ కూతురు ప్రణీతనూ తీసుకుని ఇక్కడికి వచ్చాడు. హోటల్‌కి ఆరు మైళ్ల దూరంలో, ఫ్యాక్టరీలు మూతపడిన ఒక పాత ఊళ్లో రెండు గదుల వాటా అద్దెకు దొరికింది. వసంతలక్ష్మి మందులు ప్యాక్ చేసే గోడౌన్‌లో చేరింది. ప్రణీత ఆ ఊరి బడిలో చేరింది.

ఆ బడి నుంచి ప్రతి ఏడూ వేసవిలో ఒక ఉత్తరం వచ్చేది. మీ బిడ్డ చదివే బడి ఈ ఏడు కూడా చాలినంత ప్రగతి చూపలేదు అని. మొదటిసారి వచ్చినప్పుడు తప్పు తమ బిడ్డదేమోనని మొగుడూ పెళ్లాం హడలిపోయారు. ప్రణీతే చదివి చెప్పింది, ఫెయిలైంది తను కాదు, బడి అని. బడి ఫెయిలవడమేమిటో అంజయ్యకు అంతుపట్టలేదు. మూడో ఉత్తరం తర్వాత సగం మంది టీచర్లను మార్చేశారు. రాష్ట్రం పెట్టే పరీక్షలో గట్టెక్కాలని, పిల్లలతో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెన్సిల్‌తో జవాబుల సున్నాలు నింపించే పుస్తకాలు చేయించడం మొదలుపెట్టారు.

"బాపూ, ఈ ఇయర్ సోషల్ లేదు," అంది ప్రణీత ఎనిమిదిలో ఉండగా.

"లేకపోవుడేంది?"

"టెస్ట్‌లో సోషల్ లేదు కదా. అందుకే క్లాస్ తీసేశారు."

ఆ ఏడే, 2009 వేసవిలో, పద్మనాభం ఇంట్లో విందుకు వండడానికి వెళ్లాడు అంజయ్య. పద్మనాభం గుంటూరు మనిషి, పెద్ద కంపెనీలో మేనేజరు. బ్రూక్‌ఫీల్డ్ టౌన్‌షిప్‌లో మూడు కార్లు పట్టే గ్యారేజీ ఉన్న ఇల్లు. ఆ గ్యారేజీలోనే పెద్ద గ్యాస్ పొయ్యి పెట్టుకుని అంజయ్య గుత్తివంకాయ చేస్తుంటే, పద్మనాభం గ్లాసు పట్టుకుని కబుర్లకు వచ్చాడు.

"మీ అమ్మాయి ఏ స్కూలయ్యా?"

అంజయ్య చెప్పాడు.

"అయ్యో, అక్కడా! దాని రేటింగ్ చూశావా ఎప్పుడైనా? పదికి రెండు. మా టౌన్‌షిప్‌ది పదికి పది, కానీ ఈ ఊళ్లో ఉండేవాళ్ల పిల్లలకే. ఊరికే ఉన్నాయా మరి ఈ ఇళ్ల రేట్లు!"

"మేం గీడ ఇల్లు గొనుడు ఏడైతది సార్."

"కొనక్కర్లేదయ్యా. మీ పిల్ల మా ఇంట్లో ఉండి చదువుకుంటోందని నేను రాసిస్తాను. ఎఫిడవిట్ అంటారు. మన దగ్గర చుట్టాలిళ్లల్లో ఉండి చదువుకోలేదూ జనం? అంతే. మా మీనాకి తోడుగా కూడా ఉంటుంది, ఇద్దరూ ఒకటే క్లాసు. నువ్వు నాకు తమ్ముడి లాంటివాడివి."

చదువుకున్నవాడు, అంత పెద్ద ఇంటివాడు, తనను తమ్ముడన్నాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి వసంతలక్ష్మికి ఆ మాట రెండుసార్లు చెప్పాడు అంజయ్య.

తమ్ముడి వరస అంత తేలిగ్గా రాలేదు. నెలకో విందు. సత్యనారాయణ వ్రతమని, కంపెనీవాళ్లని, ఇండియా నుంచి అత్తమామలు దిగారని, తిరిగి వెళ్లిపోతున్నారని. సరుకులు వాళ్లవి, చేతులు ఇతనివి. చేతులకు ధర ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు.

పిల్ల ఉండేది మాత్రం తండ్రి ఇంట్లోనే. తెల్లవారకుండా ఐదూ ముప్పావుకు అంజయ్య వ్యాన్ తీసేవాడు. బ్రూక్‌ఫీల్డ్ చేరేసరికి ఆరుంపావు. స్కూల్ బస్సు వచ్చేది ఆరూ యాభైకి. "పొద్దున్నే బెల్లు కొట్టకండి, మీనాకి నిద్ర చెడుతుంది" అని పద్మనాభం భార్య దమయంతి మొదటి వారమే చెప్పేసింది కనక, ప్రణీత గ్యారేజీ పక్క తలుపు తీసుకుని చెప్పుల అల్మారా పక్కన ఒక స్టూలు మీద కూర్చుని హోంవర్కు చూసుకునేది. తండ్రి వంకాయలు వేయించిన గ్యారేజీ అది. బస్సు వచ్చే వేళకు మీనా ముందు తలుపులోంచి, ఈ పిల్ల పక్క తలుపులోంచి బయటికి వచ్చేవాళ్లు. బడివాళ్ల లెక్కలో ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు.

ఇంకో నియమం ప్రణీత తనకు తానే పెట్టుకుంది. బడి మానకూడదు. పదో తరగతిలో, ఒక ఫిబ్రవరిలో, జ్వరం నూట రెండు ఉంది. బయట మోకాలి లోతు మంచు.

"ఇయ్యాల వద్దు బిడ్డా," అంది వసంతలక్ష్మి.

"ఆబ్సెంట్ అయితే ఇంటికి కాల్ చేస్తారమ్మా. కాల్ వాళ్లింటికి పోతుంది. ఆంటీ ఏం చెప్తుంది? పైన పడుకుందని చెప్తుందా?"

తల్లి పిల్లకు రెండు స్వెట్టర్లు తొడిగి పంపింది. గ్యారేజీలో ఆ రోజు స్టూలు మీద కూర్చోలేక నేల మీద, చెప్పుల పక్కన పడుకుందట. ఆ సంగతి ఏడాది తర్వాత గానీ చెప్పలేదు.

ఒక్క రోజు కూడా మానలేదని ప్రతి ఏడాది చివర బడివాళ్లు బంగారు అంచు ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. తొమ్మిదిలో ఒకటి, పదిలో ఒకటి, పదకొండులో ఒకటి. అంజయ్య మూడింటికీ అద్దాలు కట్టించి ఫ్రిజ్ పైన గోడకు వరసగా తగిలించాడు. హోటల్ నుంచి వచ్చి నీళ్ల సీసా తీసుకునేటప్పుడల్లా తలెత్తి చూసుకునేవాడు.

పన్నెండో తరగతి మొదట్లో బ్రూక్‌ఫీల్డ్‌లో పెద్ద గొడవ నడిచింది. పిల్లలకు ర్యాంకులివ్వడం ఆపేయాలి, ఫస్ట్ వచ్చినవాళ్లను వేదిక ఎక్కించడం మానేయాలి, పిల్లలు నిద్రలేక చస్తున్నారు అని కొందరు తల్లిదండ్రులు మొదలుపెట్టారు. ర్యాంకులు ఆపొద్దన్నవాళ్లకు నాయకుడు పద్మనాభం. మైకు పట్టుకుని మాట్లాడి, ఓటింగ్ గెలిచి, ఇంటికొచ్చి అంజయ్య చేసిన పెసరట్టు తింటూ గర్జించాడు.

"ర్యాంకు తీసేస్తే మన పిల్లలకి మిగిలేదేంటయ్యా? వాళ్లకి ఫుట్‌బాల్ ఉంది, బాండు మేళం ఉంది. మనకున్నది మార్కులొక్కటే. మీనా ఆ స్టేజీ ఎక్కకుండా ఆపుతారా? చూస్తా ఎవడాపుతాడో!"

జనవరి ఆఖరున ర్యాంకులు వచ్చాయి. నాలుగు వందల పన్నెండు మందిలో ఒకటి ప్రణీత. రెండు మీనా.

మొదటి ర్యాంకు అంటే ఉత్త కాగితం కాదు. జూన్‌లో ఊరంతా కూర్చున్న మైదానంలో మెడలో పసుపు పట్టీ వేసుకుని మాట్లాడేది ఆ పిల్లే. అన్నిటికీ మించి, ఆ ఊరి వ్యాపారుల సంఘం ఫస్ట్ వచ్చిన పిల్లకు కాలేజీ ఫీజు నాలుగేళ్లూ కడుతుంది. వసంతలక్ష్మి గోడౌన్‌లో ఆ వార్త చెప్పుకుని, మందు డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చిందట.

అంజయ్య ఏడవలేదు. నాలుగు కిలోల మినుములు వేయించాడు. తెల్లవార్లూ సున్నుండలు చుట్టాడు, నేతిలో వేయించిన జీడిపప్పు ఒక్కొక్కటి పైన అద్ది. ఇరవై నాలుగు డబ్బాలు.

"బాపూ, ప్లీజ్. ఇక్కడ ఎవరూ ఇట్లా తేరు," అంది ప్రణీత.

"తేకుంటె మనమెవరమో ఎట్ల తెలుస్తది? ఫస్టొచ్చినంక నోరు తీపి చెయ్యకుంటె ఏం మర్యాద?"

"పోనీ నేను తీసుకుపోతా."

"నేనే వస్త. నాలుగేండ్లాయె, లోపలికెట్లుంటదో సూడలే."

నిజమే. నాలుగేళ్లలో అతను ఆ బడి గడప తొక్కలేదు. తొక్కితే ఎవరైనా ఏదైనా అడుగుతారని భయం. ఆ రోజు ఆ భయం ఎక్కడికి పోయిందో గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని, డబ్బాలు రెండు చేతులా మోసుకుంటూ ఆఫీసు బల్ల ముందు నిలబడ్డాడు. తెల్లజుట్టు సెక్రటరీ నవ్వుతూ తీసుకుంది. డబ్బా అటూ ఇటూ తిప్పి, "నట్స్?" అని అడిగింది. ఆ మాట హోటల్‌లో రోజుకు పదిసార్లు వినేదే. అంజయ్య సంబరంగా డబ్బా తనవైపు లాక్కుని, మూత మీది స్టిక్కర్‌ను వేలితో చూపించాడు. లోపల ఏమేం పడ్డాయో అంతా దాని మీద ఉంది.

సెక్రటరీ కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివింది. చివరిదాకా చదివింది.

వారం రోజుల తర్వాత వాళ్ల వీధిలో ఒక బూడిదరంగు కారు ఆగడం మొదలైంది. ఐదూ ముప్పావుకు ప్రణీత వ్యాన్ ఎక్కుతుంటే కారులోని మనిషి ఫోటో తీసుకున్నాడు. మర్నాడూ తీశాడు. ఆ తర్వాత పద్మనాభం ఇంటికి ఉత్తరం వచ్చింది, పిల్ల నివాసం మీద బోర్డు ముందు విచారణ అని.

అంజయ్య హోటల్ బట్టలతోనే బ్రూక్‌ఫీల్డ్ వెళ్లాడు. ఆ రోజు ముందు తలుపు కొట్టాడు.

"నువ్వు జెప్పినవా సార్?"

"నేనెందుకు చెప్తానయ్యా! మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"మరెవ్వలు జెప్తరు? మీనమ్మది రెండో నంబరు. మా పోరి తప్పుకుంటె ఒకటో నంబరు."

"ఇదిగో అంజయ్యగారూ," అంటూ దమయంతి మెట్లు దిగింది. "నోరుంది కదా అని అనేయకండి. ఈయనకి ఏప్రిల్‌లో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. మీ మూలాన అదెక్కడ ఆగిపోతుందోనని మేమిక్కడ నిద్రల్లేక చస్తున్నాం. సాయం చేసినందుకు మాకు దక్కిందిదా?"

పద్మనాభం భార్యను ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. "సరే సరే. అంజయ్యా, నువ్వు కంగారుపడకు. మా ఇంట్లోనే ఉంటోంది, అప్పుడప్పుడు మీ ఇంటికి వెళ్లొస్తోంది అని చెప్తా. సరేనా? మాట ఇస్తున్నా." గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "ఆదివారం నలభై మంది వస్తున్నారు. మర్చిపోకు."

మరవలేదు. ఆ ఆదివారం నలభై మందికి వండాడు. నాలుగు రోజుల తర్వాత, మార్చి పద్నాలుగున, విచారణ.

పొడవాటి బల్ల వెనక ఏడుగురు. పక్కన బోర్డు తరఫు లాయరమ్మ. తెలుగు వచ్చిన దుబాసీ కావాలంటే వాయిదా వేస్తామన్నారు. "వద్దు, నేనే చెప్తాను" అంది ప్రణీత. తండ్రి పక్కన కూర్చుని, వాళ్ల మాట అతనికీ అతని మాట వాళ్లకూ చేరవేసింది.

పద్మనాభం టై కట్టుకుని వచ్చాడు. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. లాయరమ్మ అడిగింది, ఈ అమ్మాయి ఎప్పుడైనా మీ ఇంట్లో నివసించిందా అని.

"నో," అన్నాడు పద్మనాభం. "ఒక్క రాత్రి కూడా పడుకోలేదు." అంతటితో ఆగినా బాగుండేది. "ఆ వేసవిలోనే మా టౌన్‌కి మారిపోతామని వాళ్లు చెప్పారు. పాపం కదా అని నమ్మి సంతకం చేశాను. నాలుగేళ్లు నన్ను వాడుకుంటారనుకోలేదు."

ఆ ఇంగ్లీషు అర్థం కావడానికి అంజయ్యకు దుబాసీ అక్కర్లేకపోయింది. అయినా కూతురి వైపు తిరిగాడు, తాను విన్నది తప్పని చెబుతుందేమోనని. ప్రణీత బల్ల వైపే చూస్తోంది. ఆ ముక్క ఒక్కటీ ఆమె తెలుగులోకి మార్చలేదు.

తర్వాత లాయరమ్మ ప్లాస్టిక్ కవరులోంచి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టింది. మిఠాయి డబ్బా మూత. ఒక మూల నెయ్యి మరక. మధ్యలో స్టిక్కర్. వసంత హోమ్ ఫుడ్స్. మినుములు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు. దాని కింద, ఆర్డర్లకు, ఇంటి నంబరు, వీధి, ఊరు, ఫోను. వసంతలక్ష్మి వారాంతాల్లో ఇంటి దగ్గర మిఠాయిలు చేసి అమ్మేది. కొనేవాళ్లు ఇల్లు వెతుక్కోలేక తిరిగిపోతున్నారని రెండేళ్ల కిందట ఆ స్టిక్కర్ వేయించారు. అక్షరాలు అందంగా ఉండాలని పట్టుబట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని తయారు చేసింది ప్రణీతే.

"బాపూ," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఈ డబ్బా మనదేనా అని అడుగుతున్నారు."

అంజయ్య మూతను చూశాడు. రెండో వరసలో కూర్చున్న సెక్రటరీని చూశాడు. ఆమె తలెత్తలేదు. ఆ వేలు, స్టిక్కర్ మీద పెట్టి చూపించిన వేలు, ఒళ్లో ఉంది. దాన్ని పిడికిట్లో దాచుకున్నాడు.

"మనదే అని చెప్పు."

చెప్పింది.

"సున్నుండలు మంచిగున్నయా అని అడుగు."

"బాపూ, వద్దు."

"అడుగు బిడ్డా. తిన్నరు గద."

ప్రణీత అడగలేదు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అని వాళ్లడిగితే లేదంది.

బయట కార్ల దగ్గర పద్మనాభం ఎదురొచ్చాడు. "ఏం చేయను అంజయ్యా, నువ్వే చూశావుగా. ప్రమాణం చేశాక అబద్ధం ఎలా చెప్పను?"

"నోటరీ కాడ జేసింది గుడ ప్రమాణమే గద సార్."

పద్మనాభం తాళంచెవి నొక్కాడు. కారు రెండుసార్లు కూసింది. ఎక్కి వెళ్లిపోయాడు. సహకరించాడు కనక అతని మీద చర్యేమీ లేదని బోర్డువాళ్లు కాగితంలో రాశారు. పౌరసత్వమూ వచ్చింది.

మూత సంగతి అంజయ్యకు తెలియక కాదు. వీధి పేరు వేలు పెట్టి చూపించింది తనే. అది తలచుకున్న రోజుల్లో గరిటె చప్పుడు చేయదు, చేయి ఆగిపోతుంది, ఉల్లిపాయలు మాడతాయి. కానీ మూతను వాళ్లు చూపించకముందే పద్మనాభం 'నో' అన్నాడు. అదీ నిజమే.

ఆ తర్వాతి సోమవారం ప్రణీత పాత ఊరి హైస్కూల్‌కి వెళ్లింది. గుమ్మంలో సంచీ తెరిచి వెతికారు. లోపల పన్నెండో తరగతివాళ్లు ఫెయిలైన పరీక్ష మళ్లీ రాయడానికి సున్నాలు నింపుతున్నారు. ఫెయిల్ కాని పిల్లకు ఏం చేయమనాలో టీచరుకు తోచక, ఆమెకూ ఒక పుస్తకం ఇచ్చింది. ఆఖరి ఏడు మధ్యలో వచ్చినవాళ్లకు ఆ బడి ర్యాంకు ఇవ్వదు. బ్రూక్‌ఫీల్డ్ జాబితాలోంచి పేరు కొట్టేశారు. ఒకటో నంబరు మీనాకు వచ్చింది, పసుపు పట్టీ, వేదిక, కాలేజీ ఫీజు అన్నీ.

జూన్‌లో దమయంతి ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తింది వసంతలక్ష్మి.

"పాతవన్నీ మనసులో పెట్టుకోకండి వసంతగారూ. మీనా పార్టీకి నూట యాభై మంది. దానికి మీవారి గుత్తివంకాయే కావాలట. ఈసారి ఊరికే వద్దులెండి, డబ్బులిస్తాం."

"తమ్మునికి పైసలేందమ్మా," అంది వసంతలక్ష్మి. "సొంత తమ్ముడాయె." ఫోన్ పెట్టేసింది.

ప్రణీత అప్పటికే తల్లితో పాటు గోడౌన్‌లో చేరింది. డబ్బాల మీద లేబుళ్లు అంటించే పని. సాయంత్రాలు దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో రెండు క్లాసులు చదువుతానంది. ఏప్రిల్‌లో వచ్చిన కాగితం తర్వాత అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ కాగితం బ్రూక్‌ఫీల్డ్ బోర్డుది. హక్కు లేకుండా చదివిన రోజులకు ఫీజు కట్టమని. ప్రణీతే బల్ల దగ్గర కూర్చుని చదివింది.

"హాజరైన రోజులకే కట్టాలట. ఆబ్సెంట్ ఉంటే ఆ రోజులు తీసేస్తారట."

"ఎన్ని తీసేసిన్రు?" అని అడిగాడు అంజయ్య.

ప్రణీత నవ్వింది. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు. తల్లికి ఆ నవ్వు నచ్చలేదు, వెళ్లి భుజం పట్టుకుంది.

అంజయ్య లేచి ఫ్రిజ్ పైన గోడకున్న మూడు అద్దాలూ దించాడు. పగలగొడతాడేమోనని వసంతలక్ష్మి భయపడింది. పగలగొట్టలేదు. బల్ల మీద వరసగా పెట్టి, బిల్లులోని అంకెల పక్కన పెట్టి సరిచూశాడు. ఏడో తరగతి దాకా చదివిన లెక్కలు ఆ మాత్రానికి చాలాయి. మొదటి ఏడు నూట ఎనభై. రెండో ఏడు నూట ఎనభై, ఆ జ్వరం రోజుతో కలిపి. మూడో ఏడు నూట ఎనభై. నాలుగో ఏడు, సాండీ తుపానుకు బడి మూసిన రోజులు పోగా, విచారణ రోజు దాకా నూట పద్దెనిమిది. అన్నీ కలిపి ఆరు వందల యాభై ఎనిమిది. రోజుకు ఎనభై ఒక్క డాలర్లు.

వాళ్ల లెక్కలో తప్పు లేదు. యాభై మూడు వేల రెండు వందల తొంభై ఎనిమిది డాలర్లు.